రెండు డెక్కల పీత

భాగ్యమ్మది ఎడమచేతి వాటం. అన్నం మాత్రం కుడిచేత్తో తింటుంది. చిన్నప్పుడు వాళ్లమ్మ వేళ్ల మీద గరిటెతో కొట్టి నేర్పింది. అన్నం తప్ప మిగిలిన పనులన్నీ ఎడమచేత్తోనే: ఊడ్చేది, కోసేది, పీతలు కట్టేది.

నాగాయలంకలో ఆమె పని పీతలు కట్టడం. మడ అడవుల్లో పట్టిన మండపీతలు పొద్దున్నే బుట్టల్లో కాంతారావు గారి షెడ్డుకి వస్తాయి. ప్రాణంతో ఉంటాయి, కోపంగా ఉంటాయి. పీతకి ముందు వైపు రెండు పెద్ద డెక్కలుంటాయి. వాటి మధ్య వేలు పడిందంటే ఇక ఆ వేలి సంగతి మర్చిపోవాలి. భాగ్యమ్మ పీత వీపు మీద మడమ ఆనించి, డెక్కలు రెండూ లోపలికి మడిచి, ప్లాస్టిక్ తాడు అడ్డంగా, నిలువుగా తిప్పి ముడేస్తుంది. మిగతా ఆడవాళ్ల ముళ్లు కుడి వైపు పడతాయి. ఆమెది ఎడమ వైపు పడుతుంది. షెడ్డులో ఏ పీత ఎవరు కట్టారో అడగనక్కర్లేదు.

కడుతూనే ఏరడం కూడా ఆమె పనే. బరువుండి, గట్టిగా ఉండి, రెండు డెక్కలూ ఉన్నదైతే లారీ ఎక్కి చెన్నై పోతుంది, అక్కడి నుంచి విమానం ఎక్కుతుంది. షెడ్డులో దాన్ని 'లోడుది' అంటారు. గుల్లగా ఉన్నదీ, పెనుగులాటలో డెక్క వదిలేసిందీ పక్కకి పోతుంది. సాయంత్రం దాన్ని పనివాళ్లు ఇంటికి పట్టుకుపోతారు. కాబట్టి దాని పేరు 'ఇంటిది'. భాగ్యమ్మ చెయ్యి పీత పొట్ట కింద ఒకసారి నొక్కి, లోడుదైతే కుడి పక్కకి, ఇంటిదైతే ఎడమ పక్కకి విసురుతుంది. నోటితో పక్కవాళ్లతో కబుర్లు చెబుతూనే ఉంటుంది.

పెళ్లయిన ఏడాదే ఆ పనిలో చేరింది. ఇప్పుడు కొడుక్కి మీసాలొచ్చాయి. ఇన్నేళ్లలో పీతల కూర తినని వారం లేదు. తిన్నవన్నీ ఇంటివే. రెండు డెక్కలూ ఉన్న నిండు పీత ఒక్కటి కూడా నోట్లోకి పోలేదు. షెడ్డులో లోడు పీత తినడం తప్పని ఎవరూ అనలేదు. అసలు ఆ మాటే ఎప్పుడూ రాలేదు.

కార్తీక మాసం చివర్లో ఒక రోజు కాంతారావు గారు షెడ్డులోకొచ్చి, చేతిలో ఉన్న రెండు కార్డులతో విసురుకుంటూ నిలబడ్డారు.

"భాగ్యమ్మా, ఆదివారం ఖాళీయేనా?"

"చర్చి ఉందండి."

"చర్చి అయ్యాక?"

"అయ్యాక ఏముందండి, బట్టలుతుక్కోటమే."

"అయితే ఉతక్కు. బందరెళ్లు. బీచి రోడ్డులో మన పీతలు తీసుకునే కొత్త హోటలుందిగా, వాళ్లు ఆదివారం బ్రంచ్ అని పెట్టారంట. అన్నీ సముద్రం సరుకే. నాకు రెండు పాసులిచ్చారు."

భాగ్యమ్మకి ఎదురుగా కూర్చుని పీత కడుతున్న గంగాదేవి తలెత్తింది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఎదురెదురు పీటల మీద కూర్చుని పనిచేస్తున్నారు. గంగాదేవిది బెస్తల పేట, భాగ్యమ్మది క్రైస్తవుల పేట. ఒకరినొకరు వదినా అనుకుంటారు.

"బ్రాంచేంటండి, బ్యాంకు బ్రాంచా?" అంది గంగాదేవి.

"బ్రంచి. పొద్దున టిఫినూ, మధ్యాహ్నం భోజనం, రెండూ కలిపి ఒకేసారి తింటం."

"ఓసి దీని బడాయి. మేం రోజూ పదకొండింటికి ఆ గట్టు మీద కూర్చుని తినేది అదేగా. ఇన్నాళ్లూ పేరు తెలియక చద్దన్నం అంటున్నాం."

కాంతారావు గారు నవ్వారు. "నేనే పోదును. కార్తీకంలో పీత పేరెత్తితే మా ఆవిడ రత్నకుమారి గడప తొక్కనివ్వదు. హోటలు మేనేజరెవరో పై రాష్ట్రం నుంచొచ్చినాయన. వానలు తగ్గినయ్యి, అమావాస్య దగ్గరికొచ్చింది, పీత నిండుగా ఉంటదని లెక్కేసుకున్నాడుగాని, ఈ నెల్లో మనోళ్లు సగం మంది నీచు ముట్టరని చూసుకోలా. హాలు ఖాళీగా ఉంటదని అందరికీ పాసులు పంచుతున్నాడు."

"ఎంతైనా తినొచ్చాండి?" అంది భాగ్యమ్మ.

"నీ పొట్ట ఎంత పడితే అంత."

"పీతలు కూడానా?"

"మన పీతలే. శుక్రవారం లోడులోంచి నేనే పంపిస్తున్నా."

భాగ్యమ్మ చేతిలోని పీతని కింద పెట్టింది. "రెండు డెక్కలూ ఉన్నయ్యే పెడతారాండి?"

"ఒంటి డెక్కది హోటలోళ్లకి పంపి నా పరువు తీసుకుంటానా?"

రెండో పాసు ఎవరికన్న ప్రశ్నే రాలేదు. గంగాదేవి అప్పటికే చెయ్యి చాపింది.

"నీకు కార్తీకం లేదటే?" అన్నారు కాంతారావు గారు.

"మాకు సోమారాలేనండి. ఆదివారం మీద శివుడికి పట్టింపు లేదు."

ఆ సాయంత్రం భాగ్యమ్మ మొగుడు జకరయ్యకి సంగతి తెలిసింది. షెడ్డు సరుకు తోలే టెంపో ఆయనదే. నోరు ఊరికే ఉండదు.

"ఇంటిది ఇంటి పీత తినాలిగాని, లోడు పీత తింటదా?" అన్నాడు.

"తింటే ఏం?"

"తినవులే. నిన్ను నేనెరగనా. చర్చిలో ప్రేమవిందు జరిగినా, ఎవరింట్లో పెళ్లయినా గరిటె పట్టుకుని అందరికీ కొసరి కొసరి వడ్డిస్తావు. నీ వంతు వచ్చేసరికి గిన్నె అడుగు కనపడిద్ది. ఇంకాస్త వెయ్యమని ఎప్పుడన్నా నోరు తెరిచి అడిగావా? అక్కడ పక్కనుండి బతిమాలే వాళ్లుండరు. అడిగినోడిదే పీత."

"అడుగుతా."

"అయితే డెక్క పెంకులు పట్టుకురా. రెండు. చూసి నమ్ముతా."

ఆ మాట భాగ్యమ్మకి గుచ్చుకుంది. అబద్ధం కాదు కాబట్టే గుచ్చుకుంది.

ఆదివారం ఇద్దరూ బందరు బస్సెక్కేసరికి అవనిగడ్డ దారంతా పంట పసుపు తిరిగి ఉంది. భాగ్యమ్మ మొదటి ఆరాధనకి వెళ్లి, అటు నుంచటే వచ్చేసింది. ఆ రోజు పాస్టరు గారు ఉపవాసం గొప్పతనం మీద మాట్లాడారు. ముందు రాత్రి నుంచి ఏమీ తినకుండా కూర్చున్న భాగ్యమ్మ ప్రతి మాటకీ తలూపింది.

"తెల్ల చీర కట్టుకొచ్చావేంటి వదినా, పీతల కూర తింటానికి?" అంది గంగాదేవి. ఆమె మాత్రం పెళ్లిళ్లకి కట్టే ముదురు నీలం పట్టు చీరలో ఉంది. ఎంత కూర ఒలికినా కనపడదు.

"చర్చికి వేరే రంగు కట్టుకుంటే నాకు ప్రార్థన చేసినట్టుండదు."

"సరే విను. నేను మా పేటలో ఒక్క పెళ్లి బఫే వదల్లా, నా మాట విను. ఇడ్లీ, పూరీ, తెల్లన్నం, ఇవన్నీ కడుపు నింపి పంపటానికి గుమ్మంలో నిలబెట్టిన దొంగలు. వాటి మొహం చూడమాక. మంచినీళ్లు తాగమాక. ముందు ఖాళీ చేతుల్తో ఒక చుట్టు తిరుగు. ఆ చివరి నుంచి ఈ చివరికి. అన్నీ చూసుకున్నాకే ప్లేటు పట్టు."

మోపిదేవి దాటాక టీ తాగుదామని భాగ్యమ్మ అంటే గంగాదేవి ఒప్పుకోలేదు. చల్లపల్లిలో కిటికీ దగ్గరికొచ్చిన బఠాణీల పొట్లం కూడా వెనక్కి పంపేసింది. బందరులో బస్సు దిగి ఆటో ఎక్కేటప్పటికి ఇద్దరి కడుపులూ ఒకేసారి అరిచాయి. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

హోటలు తలుపు తెరవగానే చల్లటి గాలీ, వేయించిన జీడిపప్పు వాసనా కలిసి మొహానికి కొట్టాయి. నల్ల కోటు వేసుకున్న మేనేజరు రెండు చేతులూ జోడించాడు. పెద్ద హాలు. బల్లల మీద పెడన కలంకారీ గుడ్డలు పరిచి ఉన్నాయి. సగం బల్లలు నిజంగానే ఖాళీ. కూర్చున్న వాళ్లలో కార్తీకం పట్టింపు లేని ఉద్యోగస్తులు కొందరు, ఆదివారం ఆరాధన బట్టల్లోనే వచ్చిన కుటుంబాలు కొన్ని. ఒక ఇంటావిడ భాగ్యమ్మ తెల్లచీర చూసి "వందనాలమ్మా" అంది. భాగ్యమ్మ కూడా వందనాలు చెప్పింది. దాంతో సగం బెరుకు పోయింది.

కూర్చోగానే సన్నటి గాజు గ్లాసుల్లో కొత్తిమీర వేసిన మజ్జిగ తెచ్చి పెట్టారు.

గంగాదేవి ఆ గ్లాసు వైపు చూసింది. "వదినా, వచ్చీ రాగానే మజ్జిగ పోశారు. అయిపోయింది, లెగమనా?"

భాగ్యమ్మకి నవ్వాగలేదు. ఆ ఊళ్లలో విస్తట్లో మజ్జిగ పడిందంటే ఇక ఆ పూటకి భోజనం ముగిసినట్టే. ఇద్దరూ గ్లాసుల్ని పక్కకి జరిపి, అనుకున్నట్టే ఒక చుట్టు బయల్దేరారు.

ఆ చుట్టు చాలాసేపు పట్టింది. మొదట టిఫిన్ల వరస. పెనం మీద పెసరట్లు, మధ్యలో ఉప్మా. గుంతల్లో ఉబ్బుతున్న పొంగణాలు. గంగాదేవి భాగ్యమ్మ మోచెయ్యి పట్టుకుని అక్కడి నుంచి లాక్కుపోయింది. తర్వాత కేకులు, హంస ఆకారంలో చెక్కిన పుచ్చకాయ, పేరు తెలియని తెల్ల కూరలు. ఆ మలుపు తిరిగాక అసలైనవి మొదలయ్యాయి. నిలువెత్తు పండుగప్పని అరిటాకులో చుట్టి కాల్చి, తలా తోకా ఉంచి పళ్లెంలో పడుకోబెట్టారు. పక్కన చందువా వేపుడు. గోంగూర రొయ్యలు. బొమ్మిడాయిల పులుసు మీద నూనె ఎర్రగా తేలుతోంది. చింతచిగురు చేపలు. రొయ్యల బిరియాని మూత తీసినప్పుడల్లా చుట్టుపక్కల తలలన్నీ అటు తిరుగుతున్నాయి. స్వీట్ల దగ్గర బందరు లడ్డూ గుట్ట, దాని పక్కన మెరుస్తున్న హల్వా.

గంగాదేవి పండుగప్ప ముందు ఆగిపోయింది. "మా ఆయన వలలో పడిన పండుగప్పని నేను మోసినంత దూరం ఎవరూ మోసుండరు వదినా. ఒడ్డు నుంచి రేవు దాకా. ఒక్కటీ మా పొయ్యెక్కలా. ఈ పూట దీని సంగతి చూస్తా."

"చూడు. నేను పీత సంగతి చూస్తా."

పీతలు హాలు ఆ చివర ఉన్నాయి. గాజు బల్ల మీద ఐసు ముక్కలు పరిచి, వాటి మీద పెట్టారు. అక్కడ అప్పటికే నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్లు తగ్గాక పోదామని, ఈలోపు రొయ్యలు రుచి చూద్దామని భాగ్యమ్మ ప్లేటు పట్టుకుని గోంగూర రొయ్యల దగ్గరికెళ్లింది. గరిటె తీసి తన ప్లేట్లో నాలుగు వేసుకుంది. వెనక కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన ప్లేటుతో నిలబడి ఉన్నాడు. గరిటె చేతిలో ఉంది, ఎదురుగా ఖాళీ ప్లేటు ఉంది. ఆయన ప్లేట్లో రెండు గరిటెలు వేసింది.

"చాలమ్మా, చాలు."

"అదేం తిండి బాబూ, వేసుకోండి, వయసులో ఉన్నారు." ఇంకొకటి వేసింది.

ఆయన భార్య ప్లేటు చాపింది. ఆమె వెనక ఇంకొకరు చాపారు. భాగ్యమ్మ ఒక్కొక్కరికీ ముక్క, గోంగూర సమంగా పడేలా వడ్డిస్తూ, "ఈ మూల నూనె తేలింది, ఇక్కడిది వేస్తా ఉండండి" అంటూ పనిలో పడిపోయింది. బిరియాని పట్టుకున్న సర్వరు, తనకి తెలియకుండా కొత్తగా ఎవర్ని పెట్టారా అని చూస్తున్నాడు. గంగాదేవి నోటి నిండా పండుగప్పతో వచ్చి గరిటె లాక్కుంది.

"నీకు పాసిచ్చింది వడ్డించటానికా?"

"అలవాటున చెయ్యి పోయిందే."

"నీ చెయ్యి కాస్త నీ వైపు తిప్పుకో. పద, పీతల దగ్గర ఖాళీ అయింది."

పీతల బల్ల వెనక టోపీ పెట్టుకున్న వంటాయన ఉన్నాడు. పేరు ఉదయ్ కిరణ్ అని చొక్కా మీద రాసుంది. గుడివాడ మనిషి. ఎవరికి ఏ పీత కావాలంటే అది తీసి, కళ్లెదుటే వండి, బల్ల దగ్గరికి పంపుతాడు.

భాగ్యమ్మ ఐసు మీదకి వంగింది. తాళ్లతో బిగించిన మండపీతలు, ముదురు పచ్చగా, ఒక్కొక్కటీ అరచేతికి మించి ఉన్నాయి. ముళ్లు చూసింది. సగం ముళ్లు ఎడమ వైపు పడి ఉన్నాయి.

"నీయేగా," అంది గంగాదేవి చెవిలో.

"నాయే."

ఉదయ్ కిరణ్ మర్యాదగా నవ్వాడు. "ఏది కావాలో మీరే తీసి ఇవ్వండమ్మా. కట్టేసే ఉన్నాయి, భయం లేదు."

ఆ 'తీసి ఇవ్వండి' అన్న మాటే కొంప ముంచింది. ఎదురుగా పీతలు, వంగిన నడుము, వేళ్లకి తగిలే చల్లటి తడి. భాగ్యమ్మ ఎడమ చెయ్యి దానంతటది కదిలింది. ఒక పీతని ఎత్తి, పొట్ట కింద నొక్కి, కుడి పక్కన పెట్టింది. ఇంకొకటి నొక్కి కుడి పక్కకి. మూడోది, నాలుగోది. అంతలో గుట్ట అడుగు నుంచి ఒకటి వచ్చింది. దానికి ఒకటే డెక్క. తాడు వదులై వేలాడుతోంది. దారిలో ఎక్కడో డెక్క వదిలేసినట్టుంది. భాగ్యమ్మ మొహం చిట్లించి దాన్ని వేరుగా తీసి ఉదయ్ కిరణ్ వైపు చాపింది.

"ఇది ఇంటిదండి."

"అలాగేనమ్మా. ఇగురు పెట్టించమంటారా, మిరియాల వేపుడా?"

"ఇంటిదెప్పుడూ ఇగురేగా," అని, చేతులు చీర కొంగుకి తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఆమె మనసులో అప్పుడు పని పూర్తయిన తృప్తి తప్ప ఇంకేమీ లేదు. గంగాదేవి ఆ సమయంలో రెండో పండుగప్ప ముక్క కోసం వెళ్లి ఉంది.

ఇగురు బల్ల మీదకి వచ్చింది. ఉల్లిపాయ బాగా వేగి, గసగసాల ముద్దలో పీత ఎర్రగా మెరుస్తోంది. భాగ్యమ్మ ప్లేటు తన వైపు తిప్పుకుంది. ఒకటే డెక్క. ప్లేటు అటు తిప్పింది. అటూ లేదు.

గంగాదేవి వచ్చి కూర్చుని చూసింది. "అదేంటొదినా, రెండోది తినేశావా?"

"లేదు."

"మరి?"

భాగ్యమ్మ ఐసు బల్ల వైపు చూసింది. "ఏరి పెట్టానే. మంచియ్యన్నీ ఆ పక్కన పెట్టి, ఇది ఇంటిదని తీసుకొచ్చా."

గంగాదేవి ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బల్ల మీద వాలిపోయింది. భుజాలు కదిలిపోతున్నాయి. "నాగాయలంక నుంచి బస్సెక్కొచ్చి, ఇంటి పీతే తింటున్నావా వదినా."

"నవ్వు. బాగా నవ్వు. ఈ చెయ్యి నరికెయ్యాలి."

"పోయి ఇంకోటి తెచ్చుకో."

"ఒకటి తీసుకున్నాంగా."

"ఎంతైనా తినొచ్చన్నారుగా."

"అంటారే. పెళ్లింట్లో కూడా మొహమాటపడకండి అంటారు. అన్నారని మళ్లీ మళ్లీ అడుగుతామా? ఆయన ఏమనుకుంటాడు, ఇప్పుడే ఏరేరి తీసుకుపోయింది, మళ్లీ వచ్చిందనుకోడూ?"

ఇగురు బాగుంది. బాగుందని భాగ్యమ్మకి తెలుస్తూనే ఉంది. ఒక చుక్క తెల్ల చీర మీద కూడా పడింది. ఆ ఒంటి డెక్కనీ, కాళ్లనీ శుభ్రంగా తినేసింది. ఇంట్లో ఎలా తింటుందో అలాగే. అది అయ్యాక లేచి వెళ్లి, ప్లేట్లో కాస్త అన్నం పెట్టుకుని గడ్డ పెరుగు వేసుకొచ్చింది. గంగాదేవికి ఒళ్లు మండింది. పెరుగన్నం కలిపిందంటే భాగ్యమ్మ ఆ పూటకి తలుపులు మూసేసిందని అర్థం.

రెండు ముద్దలు తిన్నదో లేదో మేనేజరు బల్లల మధ్య తిరుగుతూ, "లైవ్ కౌంటర్లు మూసేస్తున్నామండీ, చివరి ఆర్డర్లు చెప్పండి" అంటూ వచ్చాడు.

గంగాదేవి హల్వా ప్లేటు పక్కన పెట్టి, వెన్ను నిటారుగా చేసి కూర్చుంది. పెళ్లింటి పెద్దలా గొంతు మార్చింది.

"వదినా, ఒక పీత వేయించుకో."

"వద్దులే."

"ఒక్కటంటే ఒక్కటి. ఇంత దూరం వచ్చావు."

"వద్దమ్మా, కడుపు నిండింది."

"నా మాట కోసం. నువ్వు తినకపోతే నాకు తిన్నట్టుండదు."

ఆ ఊళ్లలో మూడోసారి అడిగితే కాదనకూడదు. భాగ్యమ్మ గరిటె పట్టుకుని జీవితమంతా జనాన్ని ఆ మూడో మాటతోనే లొంగదీసింది. ఇప్పుడు తన వంతు వచ్చింది. చివరి ప్రయత్నంగా ప్లేటు చూపించింది.

"పెరుగు తిన్నాక పీతేంటే, ఒళ్లంతా తెల్ల మచ్చలొస్తాయి."

"చెయ్యి కడిగావా?"

"లేదు."

"చెయ్యి కడగంది అన్నం అయినట్టు కాదు. లే. ఆగు, ఆ ఎడమ చెయ్యి ఇటివ్వు." గంగాదేవి వదిన ఎడమ చేతిని పట్టుకుని తెల్లచీర కొంగులో చుట్టి నడుం దగ్గర దోపేసింది. "అది షెడ్డు చెయ్యి. దాన్ని బయటికి తియ్యమాక. అన్నం తినే చేత్తో చూపించు."

భాగ్యమ్మ లేచింది. ఆ హాలు అటు చివరకి పరుగెత్తలేదు గాని, నడక అని కూడా అనలేం. వేళ్లకి పెరుగు మెతుకులు అంటుకుని ఉన్నాయి. దూరం నుంచే ఐసు బల్ల కనిపించింది. గుట్ట కరిగిపోయింది. మిగిలినవి రెండు. ఒకటి చిన్నది. రెండోది ఆమె ఇందాక మొట్టమొదట ఎత్తి కుడి పక్కన పెట్టినది, అన్నింటిలోకీ పెద్దది, రెండు డెక్కలూ ఛాతీ మీద కట్టుకుని కూర్చున్నది. దాని మీదే ఉదయ్ కిరణ్ చెయ్యి ఉంది. బల్లకి ఇవతల రొయ్యలు వడ్డించుకున్న కళ్లజోడాయన, ఆయన భార్య నిలబడి ఉన్నారు.

"ఇదేనా సార్?" అంటున్నాడు ఉదయ్ కిరణ్.

భాగ్యమ్మ ఆగిపోయింది. ఇంకొకరు వేలు పెట్టి చూపించినదాన్ని తనకి కావాలనడం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక తెలియని పని. ఈ ఒక్క మాట అనకపోతే చిన్న పీత ఉంది, దానికీ రెండు డెక్కలున్నాయి, దాంతో సరిపెట్టుకోవచ్చు. ఒంటి డెక్కదానితో సరిపెట్టుకున్నట్టే.

కుడి చెయ్యి చాపి, పెరుగంటిన వేలితో చూపించింది.

"బాబూ, అది నాక్కావాలండి."

కళ్లజోడాయన వెనక్కి తిరిగాడు. చీర మీద ఇగురు మరక, నడుములో దోపిన ఒక చెయ్యి, చాచిన ఇంకో చెయ్యి. భాగ్యమ్మ చెయ్యి దించలేదు.

"మీరా అమ్మా," అన్నాడు ఆయన. "తీసుకోండి, తీసుకోండి. నాకసలు పీత ఒలవటమే రాదు. మా ఆవిడ ఫొటోకి బాగుంటదంటే అడిగా."

"ఫొటో తీసుకుని ఇచ్చేస్తామండీ," అంది ఆయన భార్య. పీతని ఎత్తి పట్టుకోమని ఉదయ్ కిరణ్‌ని అడిగి, ఒక ఫొటో తీసుకుంది. తర్వాత పీత పక్కన భాగ్యమ్మని కూడా నిలబెట్టి ఇంకొకటి తీసింది.

"ఇగురేనా అమ్మా?" అన్నాడు ఉదయ్ కిరణ్.

"కాదు. మిరియాల వేపుడు. డెక్కలు మాత్రం విడగొట్టొద్దండి. అట్టాగే పంపండి."

ఆయన కత్తెర తీసి ముడి కింద పెట్టాడు. తాడు తెగలేదు. కత్తెర మార్చాడు. పళ్లు బిగించి ఇంకోసారి నొక్కాడు. "ఎవరు కట్టారో గాని..." అని గొణుక్కుంటూ పీతని వెనకున్న పొయ్యి దగ్గరికి పట్టుకుపోయాడు. భాగ్యమ్మ పైకప్పు దీపాల వైపు చూస్తూ నిలబడింది.

పీత వచ్చింది. పళ్లెం అంచులు దాటి అటూ ఇటూ రెండు డెక్కలు. మిరియాలు, కరివేపాకు, వెన్న కలిసి పొగలు కక్కుతున్నాయి. గంగాదేవి తన బందరు లడ్డూ అవతలికి నెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పగలగొట్టుకోవడానికి స్టీలు పట్టకారు ఒకటి ఇచ్చారు. భాగ్యమ్మ కొంగులోంచి ఎడమ చెయ్యి తీసింది. ఇక దానికి భయం లేదు, పీత ప్లేట్లోకి వచ్చేసింది. డెక్కని కుడి చేత్తో పట్టి, ఎడమ చేతిలోని పట్టకారుతో సరిగ్గా కీలు మీద ఒక్కసారి నొక్కింది. పెంకు రెండుగా విచ్చుకుంది. లోపలి కండ ఆకారం చెడకుండా, డెక్క ఎలా ఉందో అలాగే, తెల్లగా బయటికి వచ్చింది.

ఆ డెక్కకి ఎంత బలముంటుందో ఆమె వేళ్లకి తెలుసు. ఏళ్ల తరబడి దాంతో పోరాడింది. లోపల అంత మెత్తగా ఉంటుందని తెలియదు. కుడి చేత్తో తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"ఎట్టా ఉందొదినా?"

భాగ్యమ్మ కళ్లు మూసుకుని, ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

"చెప్పు, ఎట్టా ఉంది?"

"ఉండు. రెండోది కూడా తిని చెప్తా."

రెండోది కూడా తిన్నది. డొప్పలో ఉన్న గుజ్జు చిటికెన వేలితో చివరి దాకా తీసింది. సగంలో గంగాదేవికి ఒక కాలు ఇచ్చింది, ఆమె అడక్కుండానే. డెక్క మాత్రం ఇవ్వలేదు. గంగాదేవి కూడా అడగలేదు. అంతా అయ్యాక భాగ్యమ్మ లేచి వెళ్లి చెయ్యి కడుక్కుని వచ్చింది. అప్పుడు, వచ్చినప్పటి నుంచీ బల్ల మూలన ఉండిపోయిన మజ్జిగ గ్లాసు ఎత్తి గడగడా తాగింది.

"ఇప్పుడు అయింది," అంది.

సాయంత్రం జకరయ్య వాకిట్లో టెంపో కడుగుతుంటే భాగ్యమ్మ వచ్చి, హోటలు కాగితం తువ్వాలు విప్పి, రెండు డెక్క పెంకులు టెంపో బానెట్ మీద పెట్టింది. ఆయన పైపు పక్కన పడేసి వాటిని చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కోదాంట్లో బొటనవేలు పెట్టి చూశాడు. కణుపు దాకా దిగింది.

"ఒకటి గంగాదేవిది కాదుగా?"

"ఒక పీతకి కుడిదొకటి, ఎడమదొకటి ఉంటాయి. చూసుకో."

చూసుకున్నాడు. కుడిది ఒకటి, ఎడమది ఒకటి. "అడిగావా?" అన్నాడు.

"అడిగా. ఇంకొకాయన అడిగినదాన్ని నాకని అడిగా."

జకరయ్య వాటిని పైపు నీళ్లతో కడిగి, చొక్కాకి తుడిచాడు. ఆ పెంకులు రెండూ టెంపో డ్యాష్‌బోర్డు మీదకి చేరాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

మర్నాడు సోమవారం. గంగాదేవి ఉపవాసం ఉండి నీరసంగా పీతలు కడుతోంది. భాగ్యమ్మ మడమ పీత వీపు మీద ఉంది, ఎడమ చెయ్యి ఎప్పటిలాగే లోడువి కుడి పక్కకి, ఇంటివి ఎడమ పక్కకి విసురుతోంది. కాంతారావు గారు వచ్చి ఆమె ముందు నిలబడ్డారు.

"ఏం భాగ్యమ్మా, మన పీత ఎట్టా ఉంది?"

భాగ్యమ్మ పని ఆపి, కొనుగోలుకి వచ్చిన మనిషిలా కాసేపు ఆలోచించింది.

"సరుకు మంచిదేనండి," అంది. "ముడి మాత్రం, ఎవరేశారోగాని, మరీ గట్టిగా వేశారు."